శిలాక్షరాలకు వెల ఎంత? గణపతిదేవుని మూలశాసనాలను సామాన్యుడు చేరుకొనే దారి

కడచిన వర్షర్తువులో ఒక యువకుడు నాకు ఉత్తరం వ్రాశాడు. పగలు ఒక చిన్న దుకాణంలో లెక్కలు చూసుకొంటూ, రాత్రివేళ తర్కసంగ్రహం చదువుకొనే జిజ్ఞాసువు అతడు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి విశ్వేశ్వర శివాచార్యుల వద్ద శైవదీక్ష పొంది, తనను ఆ గురువుకు పుత్రునిగా భావించుకొన్నాడని ఎక్కడో చదివాడట. ఆ మాటకు ఆధారమైన మూలపత్రాన్ని కన్నులారా చూడాలని కోరిక కలిగింది. పుస్తక విక్రేతను అడిగితే, శాసన సంపుటాల పునర్ముద్రణకు ఆయన చెప్పిన వెల ఇతని నెలజీతంలో సగానికి మించిపోయింది. "రాజుల కాలపు పత్రాలు చదవడానికి రాజులకున్నంత ధనం కావాలా అండీ?" అని ఆ ఉత్తరం ముగిసింది.

అక్కరలేదు అని ఆనాడే సమాధానం వ్రాశాను. అయితే ఒక్క వాక్యంతో తీరే సందేహం కాదది. ధనం వ్యయం కాని చోట మరొకటి వ్యయమవుతుంది. అదేమిటో కూడ చెప్పకపోతే సమాధానం అసమగ్రం. అందువల్ల ఈ వ్యాసం.

ముందుగా 'మూలం' అంటే ఏమిటో నిర్ణయించుకోవాలి. 1199 నుండి 1262 వరకు సాగిన గణపతిదేవుని సుదీర్ఘ పాలనలో ఓరుగల్లు కరణాలు వ్రాసుకొన్న తాటాకు కవిలెలు మన చేతికి రాలేదు. మిగిలినవి శిలలు, అరుదుగా రాగిరేకులు. ఆలయ ప్రాంగణాలలో, చెరువుగట్లమీద, పొలాల నడుమ నిలిచిన ఈ రాళ్లే ఆ ప్రభుత్వపు దస్తావేజులు. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలో రాజు భూదానం చేసినప్పుడు పత్రం ఎలా ఉండాలో విధించింది: వస్త్రంమీదనో తామ్రపట్టంమీదనో వ్రాయించాలి, ముద్ర ఉండాలి, దాత వంశం, దానపరిమాణం, ఎల్లలు, కాలం ఉండాలి. దేనికోసం అంటే, రాబోయే సత్పురుషులైన రాజులు తెలుసుకొనేందుకు అని స్మృతికారుడు చెబుతాడు. అంటే శాసనం పుట్టుకతోనే భావి పాఠకుణ్ణి ఉద్దేశించినది. పెట్టెలో దాచుకొనే రహస్యలేఖ కాదది. ఎండలో నిలబెట్టిన బహిరంగ ప్రకటన. దానిని చదివేందుకు రుసుము చెల్లించవలసి రావడం, ఆ పత్రస్వభావానికే విరుద్ధం.

ఆ రాతికీ మనకూ మధ్య కొన్ని అంతస్తులున్నాయి. రాతిమీద తడికాగితం పరచి, బ్రష్షుతో అదిమి, పైన మసి అద్ది తీసే నకలును ఎస్టాంపేజీ అంటారు. నల్లని నేలపై తెల్లని అక్షరాలు కనిపిస్తాయి. ఆ నకలును చూసి పండితుడు సిద్ధపరచిన పాఠం తరువాతి అంతస్తు. ఆ పాఠానికి అనువాదం ఇంకొకటి. అనువాదాన్ని చదివి చరిత్రకారుడు వ్రాసిన సారాంశం, ఆ సారాంశాన్ని చూసి పాఠ్యపుస్తకం వ్రాసిన వాక్యం, ఆ వాక్యాన్ని గుర్తుంచుకొని ఉపన్యాసకుడు చెప్పిన మాట, ఆ మాట విని నేడు చరవాణులలో తిరిగే చిత్రం. ప్రతి మెట్టులోనూ ఒక ఆప్తుణ్ణి నమ్ముతున్నాం. ఆప్తవాక్యం ప్రమాణమే, నైయాయికులు కాదనరు. కాని ఆప్తుడు తానే మరొక ఆప్తుణ్ణి నమ్మి, అతడు వేరొకరిని నమ్మినప్పుడు, దోషం ఏ మెట్టులో ప్రవేశించిందో పట్టుకొనే ఉపాయం ఉండాలి కదా. ఆ ఉపాయమే మూలాన్ని చేరగల శక్తి. అది ధనికులకే పరిమితమైతే తక్కినవారందరం చిత్రాలను నమ్ముతూ ఉండవలసిందే.

ఈ మాట నీతిబోధగా అనడం లేదు, నా తప్పు ఒకటి నన్ను ఇలా అనిపిస్తున్నది. చాలా ఏండ్లు నేను మోటుపల్లి అభయశాసనాన్ని గూర్చి సభలలో ఉత్సాహంగా మాట్లాడాను. గణపతిదేవుడు సముద్రవర్తకులకు సుంకాలన్నీ మాన్పించాడని చెప్పేవాణ్ణి. వినడానికి బాగుండేది, చప్పట్లు కూడ వచ్చేవి. ఒకనాడు ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండవ సంపుటంలో హుల్ట్‌జ్ ప్రకటించిన ఆ శాసనపాఠాన్ని తెరమీద తెరచి మొదటినుండి తుదివరకు చదివాను. శక సంవత్సరం 1166, క్రోధి. అనగా క్రీస్తుశకం 1244-45. ద్వీపాంతరాలకు, దేశాంతరాలకు రాకపోకలు చేసే ఓడవర్తకులకు ఇచ్చిన అభయం అది. ఒకచోట నుండి మరొకచోటికి బయలుదేరిన ఓడలు తుపానులో చిక్కి, పగిలి, మన తీరానికి కొట్టుకొని వస్తే, పూర్వరాజులు వాటిలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా తీసుకొనేవారు. ప్రాణంకంటె ధనమే మిన్న అనుకొని సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్నవారిమీద దయతో, కీర్తికోసం, ధర్మంకోసం, మేము నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నాము అని రాజు చెబుతాడు.

నిర్ణీతమైన సుంకం తప్ప! ఆ చిన్న మినహాయింపే నా ఉపన్యాసాన్ని కూల్చివేసింది. అంతేకాదు, ఆ తరువాత తెలుగు భాగంలో ఎగుమతి దిగుమతులమీద ముప్పదింట ఒక వంతు సుంకమని, చందనం, కర్పూరం, చీనికర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైనవాటికి వేరువేరు రేట్లని వరుసగా లెక్కలున్నాయి. రాజు సుంకాన్ని రద్దుచేయలేదు. దోపిడిని రద్దుచేసి, సుంకాన్ని ముందుగా ప్రకటించి రాతిమీద చెక్కించాడు. ఆలోచించి చూస్తే రెండవదే గొప్ప పని. వర్తకుడికి కావలసింది ఔదార్యంకంటె నిశ్చయం. నేను చెప్పిన అసత్యం సత్యంకంటె చిన్నదని అప్పుడు తెలిసింది. ఆ సంపుటం చదవడానికి నాకు అయిన ఖర్చు అంతర్జాలపు నెలసరి చందా మాత్రమే.

ఇక దారి చెబుతాను. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలన్నీ ప్రజాధనంతో అచ్చయినవి. పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా దించుకొనేలా ఉన్నాయి. మోటుపల్లి శాసనం పన్నెండవ సంపుటంలో, దివిసీమ గణపేశ్వరంలో జాయపనాయకుడు వేయించిన శక 1153 నాటి శాసనం, గణపతిదేవుని కుమార్తె గణపాంబ యెనమదల శాసనం మూడవ సంపుటంలో దొరుకుతాయి. నృత్తరత్నావళి కర్తగా మనం తలచుకొనే జాయపసేనాని వంశచరిత్ర ఆయన మాటలలోనే గణపేశ్వరం రాతిమీద ఉన్నది. కంచి ఏకామ్రనాథాలయంలోని గణపతిదేవుని శాసనం ఇండియన్ ఆంటిక్వెరీ ఇరువదియొకటవ సంపుటంలో వచ్చింది, అదీ ఉచితమే. ఈ పత్రికలలో అనువాదం, చారిత్రక ఉపోద్ఘాతం ఉంటాయి. పాఠం తరచు రోమన్ లిపిలో ఉంటుంది కనుక మన కంటికి మొదట ఇబ్బందే.

తెలుగువాడికి అంతకంటె పెద్ద నిధి మరొకటి ఉన్నది. దక్షిణభారత శాసనాల గ్రంథమాలలో పదవ సంపుటం పూర్తిగా మద్రాసు రాజధానిలోని తెలుగు శాసనాలకే కేటాయించారు. 1948లో వెలువడింది. అందులో పాఠాలు తెలుగు లిపిలోనే ఉన్నాయి. రాజవంశాల వారీగా, కాలక్రమంలో, కాకతీయుల శాసనాలు ఒకచోట కుదిరి ఉంటాయి. అనువాదాలు లేవు. విదేశీయ పరిశోధకుడు ఎన్నో ఏండ్లు శ్రమపడి చేరవలసిన చోటికి మనం అమ్మ నేర్పిన అక్షరాలతో చేరిపోతాం. ఈ ఒక్క విషయంలో పేద తెలుగు పాఠకుడు సంపన్నమైన విశ్వవిద్యాలయాలవారికంటె ధనవంతుడు. ఇదే గ్రంథమాలలోని నాలుగు, ఐదు, ఆరు సంపుటాలలో ద్రాక్షారామం, శ్రీకూర్మం, సింహాచలం వంటి క్షేత్రాల శాసనాలున్నాయి.

పదవ సంపుటపు సంపాదకులలో ఒకరు జయంతి రామయ్య పంతులు. ఈ పేరు వినగానే మనకు గ్రాంథిక వ్యావహారిక వివాదం, గిడుగు రామమూర్తి పంతులుతో సాగిన వాగ్యుద్ధం గుర్తుకు వస్తాయి. ఆ ఇద్దరూ శాసనపండితులేనని చాలమంది మరచిపోయారు. గిడుగువారు ముఖలింగంలోని గాంగుల శాసనాలను స్వయంకృషితో చదివినవారు. జయంతివారు శాసనాలలోని పద్యాలను ఏర్చి శాసనపద్యమంజరిగా కూర్చినవారు. భాష ఎలా ఉండాలన్నదానిపై వారు ఏకీభవించలేదు కాని, వాదానికి ముందు రాయి చదవాలన్నదానిపై ఇద్దరికీ భేదం లేదు. 1941లో జయంతివారు కన్నుమూసిన ఏడేండ్లకు ఆ సంపుటం అచ్చులో వచ్చింది.

పదవ సంపుటం మద్రాసు రాజధానికి చెందినది కనుక, కాకతీయుల స్వస్థలమైన తెలంగాణం అందులో లేదు. ఈ లోటు తెలియక, పుస్తకంలో ఓరుగల్లు శాసనాలు కనిపించలేదని నిరాశపడినవారిని చూశాను. ఆ ప్రాంతపు శాసనాలు నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ ప్రకటించిన హైదరాబాదు ఆర్కియలాజికల్ సిరీస్‌లో ఉన్నాయి. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుని శక 1135 నాటి పాలంపేట శాసనం, గణపతిదేవుని కాలపు పాఖాల చెరువు శాసనం బార్నెట్ పరిష్కరించగా ఆ వరుసలోనే వచ్చాయి. ప్రభుత్వంతో సంబంధం లేకుండా తెలుగువారు తామే పూనుకొని చేసిన పని మరొకటి: హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ప్రకటించిన 'తెలంగాణా శాసనములు'. కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు పెట్టుకొన్న ఆ మండలి, తెలుగు చదువుకు ఆదరణ అంతగా లేని కాలంలో, పల్లెపల్లెకు మనుషులను పంపి నకళ్లు సేకరించింది. స్వాతంత్ర్యానంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జిల్లాల వారీగా శాసన సంపుటాలు వెలువరించింది. వరంగల్లు, కరీంనగరం సంపుటాలు 1974 నాటివి. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం, కాకతీయ వంశమూలాన్ని గూర్చి అంతవరకు ఎవరూ ఎరుగని తరాలను చెప్పిన శాసనం, ఎపిగ్రాఫియా ఆంధ్రికా మొదటి సంపుటంలో ఉన్నది. తెలుగులో జరిగిన చర్చలు కావలసినవారికి ప్రెస్ అకాడమీ అంకీకరించిన పాత 'భారతి' సంచికలు ఉన్నాయి. రుసుము లేదు, ఓపిక కావాలి.

అంతర్జాలంలో దొరకని సంపుటం ఉంటే జిల్లా కేంద్ర గ్రంథాలయాన్నో, విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్నో ఆశ్రయించాలి. మొత్తం పుస్తకం కొనవలసిన పనిలేదు. కావలసిన శాసనం నాలుగు పుటలో, పది పుటలో. వాటి ఛాయాప్రతి తీయించుకొంటే ఒక పూట కాఫీ, ఫలహారాల ఖర్చు. విక్రేత చెప్పిన వెల ఎనిమిది వందల పుటల అట్టకు, తోలుకు చెల్లించేది. మనకు కావలసింది పది పుటలు.

ఇప్పుడు ఆ యువకుడు అడిగిన శాసనానికి వస్తాను. గురుశిష్య సంబంధాన్ని చెప్పేది మల్కాపురం శాసనం. శక 1183, క్రీస్తుశకం 1261. జయంతి రామయ్య పంతులుగారు దానిని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రిక నాలుగవ సంపుటంలో విపులంగా చర్చించారు; మూలపాఠం పదవ సంపుటంలోనూ ఉన్నది. భాగీరథీ నర్మదల నడుమ డాహల మండలం, అక్కడ దుర్వాసుని సంప్రదాయానికి చెందిన సద్భావశంభువు, ఆయనకు కలచురి యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాల నాడును భిక్షగా ఇవ్వడం, ఆయన దానిని గోళకీమఠానికి సమర్పించడం, ఆపైన సోమశంభువు మొదలుకొని ఆచార్యపరంపర. శైవసిద్ధాంత క్రియాగ్రంథాలు చదివినవారికి సోమశంభువు పేరు సుపరిచితమే. ఒక తెలుగు గ్రామంలోని రాతిమీద ఆయన పేరు కనిపించడం, నాకు తొలిసారి చదివినప్పుడు ఒళ్లు గగుర్పొడిచిన క్షణం. ఆ పరంపరలోని విశ్వేశ్వరశంభువే గణపతిదేవునికి దీక్షాగురువు.

గణపతిదేవుడు మందర గ్రామాన్ని గురువుకు వాగ్దానం చేశాడు. ఆ మాటను కుమార్తె రుద్రమదేవి వెలగపూడితోను, కృష్ణలోని లంకభూమితోను కలిపి నెరవేర్చింది. మందరమంటే నేటి మందడం. ఆ వెలగపూడి నేటి సచివాలయం ఉన్న వెలగపూడే. ఆ దారిన నిత్యం వేలమంది దస్త్రాలు పట్టుకొని వెళ్తున్నారు; ఏడు వందల అరువది ఏండ్లనాటి దస్త్రం ఒకటి పక్క ఊరిలోనే నిలబడి ఉన్నదని వారిలో ఎందరికి తెలుసునో.

విశ్వేశ్వరుడు ఆ భూమిలో గుడి, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాలయం నెలకొల్పి, ఆదాయంలో దేనికి ఎంత భాగమో నిర్ణయించాడు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారందరికీ అన్నం పెట్టాలన్నది నియమం. ఋగ్యజుస్సామవేదాలకు ముగ్గురు అధ్యాపకులు. పదం, వాక్యం, ప్రమాణం, సాహిత్యం, ఆగమం అనే ఐదింటికి ఐదుగురు. పదమంటే వ్యాకరణం, వాక్యమంటే మీమాంస, ప్రమాణమంటే తర్కం. తర్కసంగ్రహం చదువుకొనే మా యువకుడికి, కృష్ణాతీరంలో పదమూడవ శతాబ్దంలో తన శాస్త్రానికి జీతపు అధ్యాపకుడు ఉండేవాడన్న సంగతి ఈ రాయి చెబుతుంది. వైద్యుడు, లెక్కలు వ్రాసే కాయస్థుడు, నర్తకీమణులు, మద్దెల వాయించేవారు, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి అందరికీ భూమి కేటాయింపులున్నాయి. లెక్కలు వ్రాసేవాడు ఉన్నాడని తెలిసి అతడు మరింత సంతోషించాడనుకొంటాను.

సారాంశాలలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల తప్పక కనిపిస్తాయి. సారాంశాలు దాటవేసేవి కూడ అదే రాతిమీద ఉన్నాయి. గ్రామరక్షకులైన వీరభద్రుల ప్రసక్తి వచ్చేచోట శిరశ్ఛేదం, కుక్షిచ్ఛేదం వంటి ఉగ్రకర్మల పేర్లు వినిపిస్తాయి. అవి అపరాధులకు విధించే దండనలా, భక్తులు తమ దేహాన్నే సమర్పించుకొనే వీరవ్రతాలా? వీరశైవ, శాక్త వాఙ్మయం చదివినవారికి రెండవ అర్థం స్ఫురిస్తుంది. గ్రామరక్షణ అన్న సందర్భం మొదటిదానివైపు లాగుతుంది. నేను రెండవదానివైపే మొగ్గుతాను, కాని మూలం నా మొగ్గుకు కట్టుబడదు. ఆసుపత్రి గర్వకారణమై, ఈ వాక్యం ఇబ్బందికరమైతే, రెంటినీ ఒకే లేఖకుడు ఒకే ఉలితో చెక్కాడన్న సంగతి మనం ఎదుర్కోవలసిందే. కేవలం కీర్తించడానికి అయితే సారాంశం చాలును. ఆ మఠం ఏమిటో తెలియాలంటే ఈ వాక్యం కూడ చదవాలి.

చదివే పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. శకసంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. పుష్యం నడుమ నుండి ఫాల్గుణం వరకు అయితే 79. లేఖకుడు గడచిన సంవత్సరాన్ని చెప్పాడా, నడుస్తున్న సంవత్సరాన్ని చెప్పాడా అన్న సందేహం తరచు వస్తుంది. అప్పుడు ప్రభవాది నామం రక్షిస్తుంది. మనం 1964లో చూసిన క్రోధికి పన్నెండు ఆవృత్తుల వెనుకటి క్రోధియే 1244 నాటి మోటుపల్లి క్రోధి. పన్నెండు అరువదులు ఏడు వందల ఇరవై; ఇంతకుమించిన గణితం అక్కరలేదు. పద్యశాసనాలలో సంవత్సరాన్ని సంకేతపదాలతో చెబుతారు. రస, ఋతు, భూ, చంద్ర అని ఉంటే ఆరు, ఆరు, ఒకటి, ఒకటి. కుడినుండి ఎడమకు చదువుకొంటే 1166.

వర్ణక్రమం చూసి భయపడకూడదు. రేఫ తరువాతి హల్లును జంటగా వ్రాస్తారు: ధర్మ్మ, పూర్వ్వ. ఎకార ఒకారాల హ్రస్వదీర్ఘాలకు భేదం తరచు చూపరు. బండిఱ కనిపిస్తే దానిని సాధురేఫగా దిద్దుకోవద్దు. అది ఉన్న చోటే ఆ మాట చరిత్ర. పేర్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రుద్రమదేవి అనేక శాసనాలలో రుద్రదేవ మహారాజు అన్న పురుషనామంతో కనిపిస్తుంది. హనుమకొండలో అంతకుముందు వేయిస్తంభాల గుడి కట్టించిన మరొక రుద్రదేవుడు ఉన్నాడు. కాలం చూడకుండా పేరు మాత్రమే చూసినవాడు శతాబ్దం తప్పిపోతాడు. మోటుపల్లిని ముత్ఫిలి పేరుతో వర్ణించిన మార్కోపోలో, ఆ రాజ్యాన్ని ఏలే రాణిని మృతుడైన రాజుకు భార్యగా చెప్పాడు. ఆమె కుమార్తె అని నిర్ధారణ చేసింది శాసనాలే. ఎంత దూరం నుండి వచ్చి తన కాలపు మాట చెప్పినా, విన్నది విన్నట్లు వ్రాసినవాడు పొరబడ్డాడు. ఇక్కడ నిలిచిన రాయి పొరబడలేదు.

రాయి ఎల్లప్పుడూ సత్యమే చెబుతుందని మాత్రం అనుకోరాదు. ప్రశస్తిలో శత్రువులందరూ ఓడిపోతారు, దాతలందరూ కర్ణులవుతారు. ఎల్లలు, పుట్లు, సుంకపు రేట్లు, జీతాలు చెప్పే వచనభాగం వేరు. దానిమీద తగవులు తీరవలసి ఉన్నది కనుక అక్కడ అతిశయోక్తికి చోటు తక్కువ. మొదటి భాగాన్ని కావ్యంగా, రెండవ భాగాన్ని సాక్ష్యంగా చదవడం నా అలవాటు. మన ఉత్సాహవంతులు తరచు దీనికి విలోమంగా చేస్తారు.

ముద్రితపాఠం దగ్గరే ఆగిపోవడం కూడ నాకు సమ్మతం కాదు. అచ్చుపాఠంలో కుండలీకరణాలున్నచోట, చుక్కలున్నచోట, సంపాదకుడు ఊహిస్తున్నాడని అర్థం. ఎస్టాంపేజీలు పురావస్తుశాఖవారి శాసనవిభాగంలో భద్రంగా ఉన్నాయి. అంతదూరం పోలేనివాడు రాయి దగ్గరకే పోవచ్చు. మోటుపల్లి వీరభద్రాలయానికి, మల్కాపురానికి, పాలంపేటకు బస్సుకూలి తప్ప వేరే ఖర్చు లేదు. అక్కడ చేయకూడని పని ఒకటి ఉన్నది. అక్షరాలు తేటపడాలని సుద్దపొడి, విభూతి, నూనె, సున్నం పూస్తుంటారు. భక్తితో చేసినా, చదువుకోసం చేసినా, అది రాతి పైపొరను తినివేస్తుంది. అక్షరం నిండిపోయి తరువాతివాడికి మరింత మసకవుతుంది. కావలసింది ఏటవాలు వెలుగు. ఉదయమో సాయంత్రమో ఎండ పక్కనుండి పడినప్పుడు, చెక్కడపు అంచులలో నీడ నిలిచి, మధ్యాహ్నం గుడ్డిగా కనిపించిన పంక్తి తానే పలుకుతుంది. నీడలో ఉన్న రాతికి చేతిదీపాన్ని పక్కకు పట్టుకొని ఛాయాచిత్రం తీసుకొంటే చాలును.

ఇదంతా వ్రాసి పంపిన రెండు నెలలకు ఆ యువకుడి రెండవ ఉత్తరం వచ్చింది. మల్కాపురం పాఠపు పుటలు ముద్రించుకొని, దారంతో కుట్టుకొన్నాడట. మొదటి పదిహేను రోజులు రోజుకొక పంక్తి మాత్రమే సాగిందట, ఇప్పుడు నాలుగు. గురువుకు రాజు పుత్రుడన్న భావం ఉన్న చోటికి చేరి, దాని సమాసాన్ని విడదీసి, దీక్షాసంబంధమైన పుత్రత్వాన్ని గూర్చి నాకు ఒక ప్రశ్న వేశాడు. ఆగమాలలో సమయి, పుత్రకుడు, సాధకుడు, ఆచార్యుడు అని దీక్షితులలో శ్రేణులున్నాయి కదా, ఇక్కడి 'పుత్ర' శబ్దం కేవలం ప్రీతివాచకమా లేక ఆ పుత్రక దీక్షను సూచించే పారిభాషికమా అని. నేను ఆ శాసనాన్ని ఎన్నోసార్లు చదివాను. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తోచలేదు.

అచ్చులో ఒకచోట కుండలీకరణాలలో ఉన్న అక్షరాన్ని రాతిమీద చూడాలని అతని కోరిక. వచ్చే ఆదివారం ఇద్దరం విజయవాడలో కలుసుకొని బయలుదేరుతున్నాం. స్తంభపు ఆ ముఖంమీద ఎండ పక్కనుండి పడేది సాయంత్రం నాలుగున్నర తరువాతనేనని, ముందుగా ఒకమారు పోయి చూసి వచ్చి, అతడే నాకు తెలియజేశాడు.